దాత చేయి - పత్రిక నోరు

వామనుడు బలి చక్రవర్తి ముందు చేయి చాచిన ఘట్టం తెలుగు పిల్లవాడికి పాఠశాలలోనే పరిచయమౌతుంది. ఇచ్చేవాడి చేయి పైన, పుచ్చుకొనేవాడి చేయి క్రింద. పుచ్చుకొనేవాడు సాక్షాత్తు శ్రీమహావిష్ణువే అయినా ఆ క్షణానికి క్రిందిచేయి క్రిందిచేయే. పురాణంలో ఆ పైచేయి ఎంతసేపు పైన నిలిచినదో అందరికీ తెలుసు. లోకవ్యవహారంలో మాత్రం అది అంత త్వరగా దిగిరాదు. ముఖ్యంగా పత్రిక పెట్టి మనస్సులోని మాటను నిర్భయంగా చెప్పదలచినవాడికి ఈ పైచేయి బాధ తప్పనిది. కాగితం ఊరకే రాదు. సిరా ఊరకే రాదు. అచ్చుకూర్చే మనిషి సాయంకాలానికి కూలి అడుగుతాడు. చేతిలో పైకమున్నవాడిని ఆశ్రయించక గతిలేదు. ఆ పైకమున్నవాడికి తన అభిప్రాయాలు తనకుంటాయి. ఇచ్చిన మరునాటినుంచే కాకపోయినా ఏదో ఒకనాడు, “ఆ మాట అంత ఘాటుగా అనకపోతేనేమి?” అని అడుగుతాడు. అడిగే హక్కు తనకున్నదని అతడి నమ్మకం.

ఈ చిక్కును ముప్పై అయిదు సంవత్సరాలపాటు వారం వారం ఎదుర్కొన్న పత్రిక ఒకటి పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో ఉండేది. దాని పేరు ‘లిబరేటర్’, అనగా విమోచకుడు. నీగ్రో బానిసత్వాన్ని తక్షణమే, ఏ పరిహారమూ లేకుండా, ఏ వాయిదాలూ లేకుండా రద్దుచేయవలెనని వాదించిన పత్రిక అది. సంపాదకుడు విలియం లాయిడ్ గారిసన్. దాని ఆశయాన్ని గురించి, దాని వాడి భాషను గురించి చరిత్రకారులు పుంఖానుపుంఖంగా వ్రాసినారు. దాని జమాఖర్చుల పుస్తకం కూడా అంతటి ఆసక్తికరమైన గ్రంథమే.

కథ కారాగారంలో ప్రారంభమౌతుంది. 1829లో గారిసన్ బాల్టిమోర్ నగరంలో బెంజమిన్ లండీ అనే సాధుపురుషుడు నడిపే బానిసత్వ వ్యతిరేక పత్రికలో సహాయ సంపాదకుడుగా చేరినాడు. అప్పటికి వయస్సు ఇరవై మూడు. ఆ రేవునుండి న్యూ ఆర్లియన్స్‌కు డెబ్బై మందికి పైగా బానిసలను మోసుకొనిపోయిన ఓడ ఒకదాని యజమాని, గారిసన్ పుట్టిన ఊరివాడే - న్యూబరీపోర్ట్ వర్తకుడు ఫ్రాన్సిస్ టాడ్. సొంత ఊరివాడు గదా అని గారిసన్ ఉపేక్షించలేదు సరికదా, దారిదోపిడీ దొంగలతో అతడిని జమకట్టి పత్రికలో వ్రాసినాడు. పరువునష్టం క్రింద అభియోగం వచ్చినది. న్యాయస్థానం యాభై డాలర్ల జరిమానా, ఖర్చులూ విధించినది. అన్నీ కలిసి నూరు డాలర్లు దాటినవి. ఆ పైకం గారిసన్ దగ్గర లేదు. 1830 ఏప్రిల్ 17న చెరసాలకు పోయినాడు.

చెరసాలలో కూర్చుండి తన విచారణ కథను చిన్న పుస్తకంగా వ్రాసి అచ్చువేయించినాడు. ఆ పుస్తకం న్యూయార్క్‌లో ఆర్థర్ టాపన్ అనే పట్టుబట్టల వర్తకుడి చేతిలో పడినది. టాపన్ కోటీశ్వరుడు, దైవభక్తుడు, మితభాషి. సంపాదించినదానిలో అధికభాగం ధర్మకార్యాలకు వెచ్చించుట తన విధి అనుకొన్నవాడు. గారిసన్‌ను అతడు అంతకుముందు చూడలేదు. లండీకి ఉత్తరం వ్రాసి, జరిమానా కట్టి ఆ యువకుణ్ణి విడిపించడానికి నూరు డాలర్లు ఇస్తానన్నాడు. పత్రికను తిరిగి నిలబెట్టదలచుకొంటే మరొక నూరు ఇస్తానన్నాడు. నలభై తొమ్మిది దినాలు చెరలో గడిపిన గారిసన్ జూన్ 5న బయటకు వచ్చినాడు. ధనికుడైన దాత ఒకడు స్వేచ్ఛగా మాట్లాడినవాడిని డబ్బిచ్చి విడిపించిన ఉదంతం ఇది. ఇందులో షరతు ఏదీ లేదు. షరతులు తరువాత వచ్చినవి. అవి కూడా చాలా మర్యాదగా వచ్చినవి.

గారిసన్ బోస్టన్ చేరి సొంత పత్రిక పెట్టదలచినాడు. అక్కడ ఉపన్యాసాలు విని అతడిపై అభిమానం పెంచుకొన్నవారిలో శామ్యూల్ సూయల్, ఎల్లిస్ గ్రే లోరింగ్ అనే న్యాయవాదులు, శామ్యూల్ మే అనే మతాచార్యుడు ఉన్నారు. మంచి కుటుంబాలవారు, చేతిలో నాలుగు డబ్బులు ఉన్నవారు, మనస్ఫూర్తిగా సహాయం చేయదలచినవారు. వారికి పత్రిక పేరే భయం కలిగించినది. ‘లిబరేటర్’ అనే మాట దక్షిణాదివారిని రెచ్చగొడుతుందని భావించి సూయల్ మరొక పేరు సూచించినాడు: ‘సేఫ్టీ ల్యాంప్’! గనిలో పనిచేసేవాడు మండే వాయువు అంటుకొనకుండా వాడుకొనే దీపం పేరది. వెలుగు ఉండవలెను, మంట రాకూడదు - ఎంత చక్కని పెద్దమనిషి తరహా కోరిక! గారిసన్ ఆ పేరు పెట్టలేదు. అతడి భాష శ్రుతి మించుతున్నదనీ, ఒళ్లంతా మంటలే అయినట్లు మాట్లాడుతున్నాడనీ శామ్యూల్ మే ఒకసారి స్నేహభావంతో మందలించగా, తన చుట్టూ మంచుకొండలున్నవనీ, వాటిని కరిగించవలసి ఉన్నదనీ గారిసన్ జవాబు చెప్పినాడని ప్రతీతి. విశేషమేమంటే, మాట వినలేదని ఆ మిత్రులు చేయి ముడుచుకొనలేదు. మందలిస్తూనే ఇచ్చినారు, ఇస్తూనే మందలించినారు. ఇటువంటి దాతలు దొరకడం పూర్వజన్మ సుకృతం.

1831 జనవరి 1న తొలిసంచిక నాలుగు వందల ప్రతులు వెలువడినవి. మూలధనం లేదు. అచ్చు అక్షరాలు కూడా సొంతం కావు. మరొక అచ్చుకూటంలో పగలు కూలిపని చేసి, ఆ కూలికి బదులు రాత్రివేళ వారి అక్షరాలు వాడుకొన్నారు గారిసన్, అతడి భాగస్వామి ఐజక్ నాప్. పడక కార్యాలయం నేలమీదనే. ఆహారం రొట్టె, పాలు, కాసిని పండ్లు. సంవత్సరానికి రెండు డాలర్ల చందా. కాగితం మాత్రం అరువు దొరకినది. ఆ అరువు తీర్చే దారి కనిపించలేదు. ఆ సమయంలో ఫిలడెల్ఫియానుండి ఒక ఉత్తరం వచ్చినది. దానిలో యాభై నాలుగు డాలర్లున్నవి - ఇరవై ఏడుగురి చందా. పంపినవాడు జేమ్స్ ఫోర్టెన్.

ఈ ఫోర్టెన్‌ను గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పవలసి ఉన్నది. అతడు నల్లజాతివాడు; 1766లో ఫిలడెల్ఫియాలో స్వతంత్రుడుగా జన్మించినవాడు. పదునాలుగేండ్లు నిండిన కొద్దికాలానికే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఒక ఓడపై పనిచేసి ఇంగ్లీషువారికి పట్టుబడి నెలల తరబడి ఖైదు ఓడలో మగ్గినాడు. తిరిగివచ్చి తెరచాపలు కుట్టే పని నేర్చి, యజమాని అనంతరం ఆ కార్ఖానాకు తానే యజమాని అయినాడు. తెల్లవారూ నల్లవారూ అతడి క్రింద పనిచేసినారు. ఫిలడెల్ఫియా ధనవంతులలో ఒకడైనాడు. ఆ డబ్బు సంగతి ఎట్లున్నా, అతడి చర్మం రంగును బట్టి నడివీధిలో పట్టుకొని దక్షిణాదికి అమ్మివేసే ప్రమాదం అతడి బిడ్డలకు తప్పలేదు. టాపన్ ఇచ్చినది దానం. ఫోర్టెన్ ఇచ్చినది దానమని పిలువడం తప్పేమో. తన ఇంటికి నిప్పంటుకొన్నవాడు నీళ్లు మోయించే కూలి అది. ఆ తరువాత కూడా అనేక పర్యాయాలు అతడు సహాయపడినాడు. అయితే అతడి మొదటి ఉత్తరంలోని కిటుకు వేరు. తన సంపదనుండి ఒక పెద్ద మొత్తం తీసి పంపి ఊరుకొనక, ఇరవై ఏడు మంది పాఠకులను పోగుచేసి, వారి పేర్లతో సొమ్ము పంపినాడు.

తొలి సంవత్సరాలలో లిబరేటర్ చందాదారులలో అత్యధికులు ఉత్తర రాష్ట్రాలలోని స్వతంత్ర నల్లజాతివారే. మంగలులు, నావికులు, బట్టలుతికే స్త్రీలు, బడిపంతుళ్లు. తెల్లవారి చందా ఆలస్యంగా, అనుమానంగా వచ్చినది. రెండు డాలర్లు ఆనాటి కూలివాడికి చిన్న మొత్తం కాదు. ఆ రెండు డాలర్లు ఇచ్చినవాడు ‘కొంచెం మెత్తగా వ్రాయండి’ అని అడిగే రకం కాడు. పత్రిక ఎంత గట్టిగా అరచినా అతడి గాయంకన్న గట్టిగా అరవదు గదా! పత్రిక చందాలు ఎన్నడూ మూడు వేలను మించినట్లు లేదు. అయినా 1831 డిసెంబరులోనే జార్జియా శాసనసభ గారిసన్‌ను పట్టి తెచ్చినవారికి అయిదు వేల డాలర్ల బహుమానం ప్రకటించినది. నాలుగు పుటల వారపత్రికకు అంతటి ప్రచారం ఏ దాతా కొనిపెట్టలేడు!

ఇక టాపన్ సోదరుల పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆర్థర్, అతడి తమ్ముడు లూయిస్ ఉద్యమానికి పైకం ఇచ్చి చేతులు దులుపుకొన్నవారు కారు. 1833లో ఏర్పడిన అమెరికన్ బానిసత్వ వ్యతిరేక సంఘానికి ఆర్థర్ ప్రథమాధ్యక్షుడు. మరుసటి వేసవిలో న్యూయార్క్ అల్లరిమూక లూయిస్ ఇంటిపై పడి సామాను వీధిలో పోసి తగులబెట్టినది. 1835లో సంఘం అచ్చువేసిన కరపత్రాలను తపాలా ద్వారా దక్షిణాదికి పంపగా, జూలై నెలాఖరున చార్ల్‌స్టన్ ఊరివారు తపాలా కచ్చేరీలో చొరబడి సంచులు ఎత్తుకొనిపోయి మంటపెట్టినారు. ఆ కరపత్రాల ఖర్చులో పెద్దభాగం టాపన్ సొమ్మే. అతడి తలకు కూడా దక్షిణాదిలో వెల కట్టినారు. అతడి దుకాణంలో పట్టు కొనవద్దని కట్టుబాట్లు చేసుకొన్నారు. వర్తకుడి ధైర్యానికి ఒక ప్రత్యేకత ఉన్నది: కవికి పోయేది ప్రాణం ఒక్కటే, వర్తకుడికి ముందు ఖాతాదారులు పోతారు, తరువాత పరపతి పోతుంది, ప్రాణం చివర.

అదే సంవత్సరం అక్టోబరు 21న బోస్టన్ స్త్రీల బానిసత్వ వ్యతిరేక సంఘం సభకు వచ్చిన గారిసన్‌ను పెద్దమనుషుల దుస్తులు వేసుకొన్న అల్లరిమూక ఒకటి త్రాడు చుట్టి వీధిలో నడిపించినది. నగరాధ్యక్షుడు అతడిని ప్రాణాలతో కాపాడడానికి చెరసాలలో పెట్టవలసి వచ్చినది! చెదిరిపోయిన ఆ స్త్రీల సభ మళ్లీ ఎక్కడ జరుపుకోవడం? సభాభవనాల యజమానులు తలుపులు మూసివేసినారు. అప్పుడు ఫ్రాన్సిస్ జాక్సన్ అనే బోస్టన్ ధనికుడు తన ఇల్లు తెరచినాడు. ఇల్లు నేలమట్టమైనా ఫరవాలేదు, మాట్లాడే హక్కు నిలవవలెను అన్నది అతడి వైఖరి. సభ అక్కడనే జరిగినది. జాక్సన్ పేరు పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ చివరి అంకంలో అతడు మళ్లీ వస్తాడు - మరణించిన తరువాత.

రెండేండ్ల తరువాత, 1837 నవంబరు 7న, ఇలినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్ ఊరిలో ఎలైజా లవ్‌జాయ్ అనే సంపాదకుడు తన ముద్రణయంత్రాన్ని కాపాడుకొంటూ తుపాకి గుండ్లకు బలియైనాడు. అంతకుముందు అతడి యంత్రాలను మూడుమార్లు ధ్వంసం చేసినారు. ప్రతిసారీ స్నేహితులు విరాళాలు పోగుచేసి కొత్త యంత్రం కొనిపెట్టినారు. నాలుగవది దిగిన రాత్రి అతడే పోయినాడు.

ఆ 1837లోనే దేశమంతటా వాణిజ్యం కుప్పకూలినది. టాపన్ వ్యాపారం పది లక్షల డాలర్లు దాటిన అప్పుతో దివాలా తీసినది. ఆర్థర్ టాపన్ అప్పులవారందరికీ పైసలతో సహా తీర్చినాడు. పూర్వపు సంపద మాత్రం తిరిగిరాలేదు. (తమ్ముడు లూయిస్ ఈ అనుభవంతో వర్తకుల పరపతి వివరాలు సేకరించి అమ్మే సంస్థను 1841లో స్థాపించినాడు. నేటి పరపతి నివేదికల సంస్థలకు మూలపురుషుడు ఒక బానిసత్వ వ్యతిరేకి అనే సంగతి వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఉపకరించవచ్చు.) ఒక్క మహావృక్షం నీడను నమ్ముకొన్న సంఘాలు, పత్రికలు ఆ ఏడు ఎండకు మాడిపోయినవి. లిబరేటర్‌కు కూడా కష్టం వచ్చినది. మసచుసెట్స్ సంఘం దాని ఖర్చుల భారాన్ని కొంతకాలం నెత్తిన వేసుకొన్నది. కాని ఆ ఏర్పాటు నిలువలేదు. సంఘం సొమ్ముతో నడిచే పత్రికలో సంపాదకుడు మతాచార్యులను దుయ్యబట్టడమేమిటి, ఆదివారపు ఆచారాలను ప్రశ్నించడమేమిటి, ప్రభుత్వాలనే త్రోసిపుచ్చడమేమిటి అని సభ్యులలో కొందరు లేచినారు.

వారి ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. బానిసత్వం పోవలెనని డబ్బిచ్చినవాడు, ఆ డబ్బుతో తన దేవాలయాన్నే విమర్శిస్తుంటే మౌనంగా ఉండవలెనా? గారిసన్ జవాబు సూటిగా ఉండేది: పత్రిక తనది, అందులోని ప్రతి మాటకూ తానే బాధ్యుడు, ప్రతిపక్షుల ఉత్తరాలు కూడా అదే పత్రికలో అచ్చవుతున్నవి, ఇష్టంలేనివారు చందా మానుకోవచ్చును. చివరిమాట నిజం. బానిస యజమానుల పత్రికలలోని దూషణలను సైతం యథాతథంగా పునర్ముద్రించడానికి అతడు ఒక శీర్షికనే కేటాయించినాడు. తనను తిట్టినవాడికి తన పుటలో చోటిచ్చిన సంపాదకులు ఏ దేశంలోనైనా వ్రేళ్లమీద లెక్కపెట్టదగినవారే.

తెగతెంపులు 1840 మే నెలలో న్యూయార్క్ సభలో జరిగినవి. ఎబీ కెలీ అనే స్త్రీని సభా కార్యకలాపాల సమితిలోకి ఎన్నుకొన్నారు. స్త్రీలు పురుషులతో సమానంగా కూర్చుండి తీర్మానాలు చేయడం టాపన్ సోదరులకు మింగుడుపడలేదు. మనస్సులో పేరుకొన్న ఇతర అభిప్రాయభేదాలు ఆ నెపంతో బయటపడినవి. వారు లేచిపోయి వేరు సంఘం పెట్టుకొన్నారు. పదేండ్ల క్రిందట చెరసాల తలుపు తెరిపించిన చేయి అట్లా వెనుకకు పోయినది. పాత సంఘం బొక్కసం ఖాళీ అయినది. కాని గారిసన్ మాట మారలేదు. ఎవరిని బయటకు పంపితే డబ్బు లోపలికి వస్తుందో, ఆ స్త్రీలను అతడు బయటకు పంపలేదు.

ఆ స్త్రీలే తరువాత ఉద్యమాన్ని పోషించినారన్నది చరిత్రలోని చమత్కారం. బోస్టన్‌లో మేరియా వెస్టన్ చాప్‌మన్, ఆమె సహచారిణులు ఏటేటా క్రిస్మస్ సంతలు జరిపినారు. అల్లికపనులు, బొమ్మలు, ఇంగ్లండునుండి స్నేహితురాండ్రు పంపిన వస్తువులు అమ్మి డబ్బు కూడబెట్టినారు. ‘లిబర్టీ బెల్’ అనే వార్షిక సంకలనాన్ని అచ్చువేసి అమ్మినారు. సూది, దారం, కుట్టుబుట్ట - కోటీశ్వరుడి సంతకంకన్న నమ్మదగిన నిధి అదేనని తేలినది. లిబరేటర్ విషయంలో ఫ్రాన్సిస్ జాక్సన్, శామ్యూల్ ఫిల్‌బ్రిక్ మొదలైనవారు ఒక ఆర్థిక సమితిగా ఏర్పడినారు. లెక్కలు వారు చూచేవారు. వ్రాతలు సంపాదకుడు చూచేవాడు. లోటు వచ్చిన యేట వారు జేబులు తడుముకొనేవారు. కలం జోలికి మాత్రం పోయేవారు కారు. ముప్పై అయిదేండ్లు పత్రిక ఆగకుండా నడచినదంటే ఈ ఏర్పాటే ప్రధాన కారణం. పాపం, తొలిదినాల భాగస్వామి ఐజక్ నాప్ ఈ మార్పులలో వెలుపల పడినాడు; పెద్ద ఆశయాల చరిత్రలో ఇటువంటి చిన్న అన్యాయాలు చాలానే ఉంటాయి.

ఇక గారిసన్‌కు కీర్తి తేని ప్రకరణం ఒకటి ఉన్నది. దానిని దాచడం సత్యానికి ద్రోహం. 1838లో మేరీలాండ్ బానిసత్వం నుండి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ న్యూ బెడ్‌ఫర్డ్ ఊరిలో కూలిపని చేసుకొంటుండగా, లిబరేటర్ ప్రతినిధి ఒకడు చందా కట్టమని అడిగినాడు. తాను ఇప్పుడే తప్పించుకొని వచ్చిన పేదవాడినని డగ్లస్ చెప్పుకొన్నాడు. ఆ ప్రతినిధి డబ్బు అడుగకుండానే అతడి పేరు జాబితాలో చేర్చినాడు. అట్లా అప్పుపై వచ్చిన ఆ పత్రికే డగ్లస్‌కు విశ్వవిద్యాలయమైనది. కొద్ది సంవత్సరాలలో అతడు అమెరికాలోని మహావక్తలలో ఒకడైనాడు. ఇంగ్లండుకు పోగా అక్కడి స్నేహితులు ధనం పోగుచేసి, చట్టరీత్యా అతడి స్వేచ్ఛను యజమానినుండి కొన్నారు. సొంత పత్రిక పెట్టుకొనడానికి రెండు వేల డాలర్లకు పైగా సమకూర్చినారు. డగ్లస్ సంతోషంతో తిరిగివచ్చి ఈ సంగతి చెప్పగా, వద్దన్నవాడు ఎవరు? గారిసనే! ఇప్పటికే పత్రికలున్నవి, మరొకటి నిలువదు, వక్తృత్వం పాడవుతుంది అని కారణాలు. కారణాలు బాగానే ఉన్నవి. సూయల్ చెప్పిన ‘సేఫ్టీ ల్యాంప్’ కారణాలు మాత్రం బాగా లేవా?

డగ్లస్ వినలేదు. రోచెస్టర్ నగరంనుండి 1847 డిసెంబరు 3న ‘నార్త్ స్టార్’ వెలువడినది. అప్పులు పెరిగి ఇల్లు తాకట్టుపెట్టినాడు. న్యూయార్క్ రాష్ట్రపు మహాభూస్వామి జెరిట్ స్మిత్ - నిరుపేద నల్లజాతివారికి లక్ష ఎకరాలకు పైగా భూమి పంచినవాడు - అతడికి అండగా నిలిచినాడు. 1851లో స్మిత్ పక్షపు పత్రిక డగ్లస్ పత్రికలో కలిసినది. సరిగా అదే సమయంలో డగ్లస్ అభిప్రాయం మారినది. అమెరికా రాజ్యాంగం బానిసత్వాన్ని పోషించే పత్రమని గారిసన్ మతం. కాదు, సరిగా చదివితే అది బానిసత్వానికి శత్రువే అని స్మిత్ మతం. డగ్లస్ రెండవ పక్షాన్ని బహిరంగంగా స్వీకరించినాడు. ఇందులో ఏదో మోసమున్నదని గారిసన్ నిండుసభలో అన్నాడు. భావం స్పష్టం: డబ్బు స్మిత్‌ది, మాట కూడా స్మిత్‌దే!

డగ్లస్ తాను ఎంతో కాలం చదివి, తర్కించి ఈ నిర్ణయానికి వచ్చినానన్నాడు. అతడి జీవితమంతా చూచినవారికి ఆ మాట నమ్మదగినదే. స్మిత్‌తో అతడికి మైత్రి ఎంత ఉన్నా అన్ని విషయాలలో అతడి వెంట నడచిన మనిషి కాడు. కాని దాత చేతి నీడ పత్రికపై పడిన తరువాత, సంపాదకుడు నిజాయితీగా మనస్సు మార్చుకొన్నా లోకం నమ్మదు. దాత అడగకపోయినా, సంపాదకుడు లొంగకపోయినా అనుమానం మాత్రం మిగులుతుంది. దానికి రసీదు ఉండదు, చెల్లు ఉండదు. 1853లో లిబరేటర్ పుటలలో డగ్లస్‌పై వచ్చిన వ్రాతలు ఆ పత్రిక అభిమానులు సైతం సిగ్గుపడవలసినవి. ఒకప్పుడు పైకం లేకుండా చందా ఇచ్చిన పత్రిక అది!

అంతర్యుద్ధం వచ్చినది, ముగిసినది. 1865 డిసెంబరులో పదమూడవ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి బానిసత్వం రద్దయినది. ఆ నెల 29వ తేదీన లిబరేటర్ చివరిసంచిక వెలువడినది. అది 1,820వ సంచిక. గారిసన్ తన చేతితోనే చివరి పంక్తులు అచ్చుకూర్చినాడు. పని పూర్తయినదని సంతోషంగా దుకాణం కట్టివేసిన పత్రికలు ప్రపంచంలో ఎన్నో లేవు. సంపాదకుడికి మిగిలినది ఏమీ లేదు. మిత్రులు తరువాతి రెండు మూడేండ్లలో ముప్పై వేల డాలర్లకు పైగా నిధి కూర్చి అతడికి సమర్పించినారు. వ్రాయవలసినదంతా వ్రాసివేసిన తరువాత వచ్చిన ధనం కాబట్టి, దానితో ఎవరూ అతడి మాట కొన్నారనడానికి వీలులేదు.

చివరి అంకానికి వద్దాము. ఫ్రాన్సిస్ జాక్సన్ 1861లో కాలధర్మం చేసినాడు. వీలునామాలో అతడు పది వేల డాలర్లను కొందరు ధర్మకర్తలకు అప్పగించినాడు. గ్రంథాలు, పత్రికలు, ఉపన్యాసాల ద్వారా బానిసత్వాన్ని అంతంచేసే ప్రజాభిప్రాయాన్ని సృష్టించడానికి ఆ సొమ్ము వాడవలెనన్నాడు. పారిపోయి వచ్చిన బానిసల సహాయానికి రెండు వేలు. స్త్రీలకు ఓటు, ఆస్తి మొదలైన సమాన హక్కులు కలిగించే చట్టాలకోసం అయిదు వేలు. వివాదం మసచుసెట్స్ ఉన్నత న్యాయస్థానానికి పోయినది. 1867లో తీర్పు వచ్చినది. బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రజలకు నచ్చజెప్పడం ధర్మకార్యమే, ఆ దానం చెల్లుతుంది అన్నది న్యాయస్థానం. స్త్రీల హక్కులకు ఇచ్చినది మాత్రం చెల్లదన్నది. ఉన్న చట్టాలను మార్చడమే దాని లక్ష్యం కాబట్టి అది ధర్మదానం కాదట. ఒకే దాత, ఒకే వీలునామా, ఒకే రకమైన కోరిక. నోరు తెరచి మాట్లాడడానికే రెండు దానాలూ. బానిసత్వం అప్పటికే చచ్చినది కనుక దానిని నిందించడం ధర్మమైనది. స్త్రీల బంధనం బ్రతికి ఉన్నది కనుక దానిని నిందించడం రాజకీయమైనది. న్యాయశాస్త్రం తెలిసినవారు ఈ భాష్యాన్ని ఒప్పకపోవచ్చు. సామాన్యుడికి మాత్రం ఇట్లాగే కనిపిస్తుంది.

పది వేలలో మిగిలినదానిని దేనికి వాడవలెనన్న ప్రశ్నపై పాతమిత్రులైన గారిసన్, వెండెల్ ఫిలిప్స్ చెరొక పక్షాన నిలిచి మనస్సులు విరుచుకొన్నారు. విముక్తుల చదువుకు అని గారిసన్. వారికి ఓటుహక్కు కోసం పోరాడే పత్రికకు అని ఫిలిప్స్. తుదకు ఆ సొమ్ము విముక్తుల విద్యకే చేరినది.

స్త్రీలకు దక్కకుండా పోయిన అయిదు వేలు వారసులకు చెందినవి. జాక్సన్ కుమార్తె ఇలైజా ఎడ్డీ. ఆమె బిడ్డలను భర్త ఆమె సమ్మతి లేకుండానే విదేశానికి తీసుకొనిపోగా, ఆనాటి చట్టం తండ్రి పక్షాననే నిలిచినది. స్త్రీల హక్కులకు జాక్సన్ అంత శ్రద్ధగా డబ్బివ్వడానికి ఆ దుఃఖమే కారణమంటారు. ఇలైజా 1881లో మరణించినది. ఆమె వీలునామాలో ఆస్తిలో పెద్దభాగాన్ని లూసీ స్టోన్, సూసన్ ఆంథొనీ అనే ఇద్దరు ఉద్యమ నాయకురాండ్రకు వ్రాసినది - ఆశయానికి కాదు, ధర్మనిధికి కాదు, వారి వారి పేర్లకు, వారి ఇష్టానుసారం వాడుకొమ్మని. తండ్రి వీలునామాను చట్టం ఏ సందులో పట్టుకొన్నదో కుమార్తె చూచియే ఉన్నది. ఈ వీలునామా పైన కూడా వ్యాజ్యం నడచినది, కాని నిలిచినది. 1885లో సూసన్ ఆంథొనీ చేతికి ఇరవై నాలుగు వేల డాలర్ల పైచిలుకు వచ్చినది. ఆ డబ్బుతో ఆమె స్త్రీల ఓటుహక్కు ఉద్యమ చరిత్ర మూడవ సంపుటాన్ని అచ్చువేయించినది. అమ్ముడుపోతుందన్న ఆశ ఆమెకు లేదు. మొదటి రెండు సంపుటాలతో కలిపి గ్రంథాలయాలకు, చదివేవారు దొరకిన ప్రతి చోటికీ ఉచితంగా పంపించినది.